సాక్షిని మారిస్తే నేరం పోతుందా?

మా రోజుల్లో కారుకి వచ్చిన జబ్బు చెవికి వినపడేది, ముక్కుకి తెలిసేది. ప్లగ్గు పోతే మిస్సింగు కొట్టేది. పెట్రోలు ఎక్కువ తాగుతుంటే సైలెన్సరు మూతిలో వేలు పెట్టి చూస్తే నల్లటి మసి. పాయింట్లు కాలిపోతే హౌరా బ్రిడ్జి ఎక్కేటప్పుడే పికప్ లేదని తెలిసిపోయేది. ఇప్పుడో? డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ పసుప్పచ్చగా వెలుగుతుంది, అంతే. ఏమైందో చెప్పదు. స్టీరింగు కింద సాకెట్లో ఓ డబ్బీ గుచ్చి ఫోన్లో చూసుకోవాలి. అప్పుడు కూడా చెప్పేది ఓ నంబరు.

నేను గార్డెన్ రీచ్‌లో, సౌత్ ఈస్టర్న్ రైల్వే హెడ్డాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. అప్పట్లో కలకత్తాలో మనవాళ్లెవరికైనా కారుందంటే అది అంబాసిడరే. ఎక్కడినుంచో వచ్చింది కాదు. హౌరాలో లోకల్ ఎక్కితే ఉత్తర్‌పాడా తర్వాతి స్టేషను పేరే హింద్ మోటర్. 2014 మేలో మూతపడేదాకా ఆ ఫ్యాక్టరీదే ఆ బండి. ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి, డెల్కో (డిస్ట్రిబ్యూటరు) మూత తీసి, పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది, 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఫీలర్ పెట్టి బిగించేవాణ్ణి. ఉప్మా దిగేలోపు పని అయిపోయేది. ఆమ్హర్స్ట్ స్ట్రీట్ వాననీళ్లలో ఆగిపోతే డెల్కో మూత పొడిగుడ్డతో తుడిచి హ్యాండిల్ తిప్పితే మళ్లీ బయల్దేరేది.

మొన్న మా మనవడు ఫోను పట్టుకుని వచ్చాడు.

"తాతయ్యా, ఆక్సిజన్ సెన్సరు పోయింది. కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నా."

"పోయిందని ఎవరు చెప్పార్రా?"

"కోడ్ వచ్చింది. పి 0171. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందట."

"మరి అందులో సెన్సరు పోయిందని ఎక్కడుంది?"

ఈ కాలం వాళ్లకి ఇదే ఎక్కదు. ఆ సెన్సరు పొగగొట్టంలో కూర్చున్న సాక్షి. 300 డిగ్రీల దాకా కాగితే గానీ నోరు విప్పదు. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దగ్గర, తక్కువైతే 0.1 దగ్గర చూపిస్తుంది. బాగున్న ఇంజన్లో ఆ రెంటి మధ్యా ఊరుకోకుండా అటూఇటూ గెంతుతుంది. గాలి పీల్చే రబ్బరు గొట్టం పగిలినా, పెట్రోలు పంపు నీరసించినా, సెన్సరుకి ముందు పొగగొట్టం జాయింటు వదులైనా అది "గాలి ఎక్కువైంది" అనే చెబుతుంది. ఉన్నమాట చెప్పినందుకు దాన్నే పీకి పారేస్తారు. కొత్తది వచ్చి ఆ మాటే చెబుతుంది. పది రోజుల్లో బొమ్మ మళ్లీ వెలుగుతుంది. మా బండిలో దొరికింది చివర చీలిన ఓ చిన్న రబ్బరు గొట్టం.

సెన్సర్లు పోవని కాదు. ఓసారి మా బండిలో నీళ్ల వేడి కొలిచే సెన్సరు నిజంగానే పోయింది, అదీ మా వంటింట్లోనే తేలింది. ఇంజను పూర్తిగా చల్లారాక దాన్ని విప్పి, టీ గిన్నెలో కాగే నీళ్లలో కొస ముంచి, మీటరు పెట్టాను. వేడెక్కేకొద్దీ ఓములు తగ్గాలి. చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు వేలుండేది మరిగేటప్పటికి కొన్ని వందలకి దిగాలి. ఇది కదల్లేదు. అంటే ఇంజను ఎంత కాగినా కంప్యూటరుకి చలికాలమే, పెట్రోలు గుమ్మరిస్తూనే ఉంది. కొత్తది బిగించాం. మా ఆవిడ ఆ గిన్నె మళ్లీ పొయ్యి ఎక్కనివ్వలేదు, అది వేరే సంగతి.

ఇంకోటి. ఈ ఊరి వానలకి సెన్సరు కంటే ముందు దాని కనెక్టరు చెడుతుంది. పిన్నులకి పచ్చటి చిలుము పడుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఆ పిన్నులు శుభ్రం చేసి మళ్లీ గుచ్చితే "చచ్చిపోయిన" సెన్సర్లు కొన్ని లేచి కూర్చుంటాయి. ఆ పని ఎవడు చేస్తాడు? దానికి బిల్లు రాయడం కష్టం.

ఈ సెన్సర్ల బండ్లు వచ్చాక పొగ తగ్గింది, అది మాత్రం ఒప్పుకుంటాను. ఎస్ప్లనేడ్‌లో గంట నిలబడితే తెల్ల చొక్కా రంగు మారిన రోజులు నేను చూశాను. 15 ఏళ్లు దాటిన లారీలనీ బస్సులనీ టాక్సీలనీ నగరంలో తిరగనివ్వొద్దని 2008లో హైకోర్టు అన్నది ఊరికే కాదు. చలికాలంలో చోక్ లాగి బతిమాలే పని కూడా తప్పింది.

కానీ సెన్సరు కొనడం? పార్క్ స్ట్రీట్ వెళ్లి లోయర్ సర్క్యులర్ రోడ్డులో కలిసే చోట మల్లిక్ బజారు ఉంది, విప్పేసిన బండ్ల భాగాలన్నీ అక్కడ దొరుకుతాయి. పాయింట్ల సెట్టయితే వెలుతురులో పెట్టి చూసి కొనేవాణ్ణి. సెన్సరుని చూస్తే ఏం తెలుస్తుంది? పాతదీ నకిలీదీ మంచిదీ అన్నీ ఒకేలా ఉంటాయి. "ఒరిజినల్, కాకు" అంటాడు దుకాణంవాడు. డబ్బా మాత్రం ఒరిజినలే అయ్యుండొచ్చు.

అప్పటి మిస్త్రీ తీసేసిన పాయింట్లని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టేవాడు. గుంట పడిందో లేదో నేనే చూసుకునేవాణ్ణి. ఈమధ్య ఓ వర్క్‌షాపులో పాత సెన్సరు ఇవ్వమంటే కౌంటరు కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "అది పారేస్తామండీ, మీకెందుకు?" అన్నాడు. నా బండిలోది, నా డబ్బుతో కొన్నది. నా చేతికిస్తే వాడి సొమ్మేం పోయింది?