ఓవెన్‌కు గృహవైద్యం

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాళ్ళకు వంటింటి ఓవెన్ అంటే ఇంటితోపాటు వచ్చిన ఇనప్పెట్టె. మూకుళ్ళు, అట్లపెనాలు, ఐదు లీటర్ల కుక్కరు, ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన ఇడ్లీ స్టాండు, అన్నీ అందులో పడతాయి. చలికాలంలో లోపలి లైటు వేసి పిండి గిన్నె పెడితే ఆ కాస్త వేడికే పొద్దున్నకి పొంగుతుంది. ఇంత బుద్ధిగా ఉండే యంత్రాన్ని ఎప్పుడో పిల్లల పుట్టినరోజుకు కేకు చేద్దామని వేడెక్కమంటే, తెర మీద ‘ఎఫ్ 3’ అని చూపించి కీచుకీచుమని అరుస్తుంది. ఆపితే ఆగుతుంది, మళ్ళీ వేస్తే మళ్ళీ అరుస్తుంది. ఇలాంటప్పుడు ఏం చేయాలన్నదానిపై మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో, పాట్‌లక్కుల్లో పోగుపడిన జ్ఞానాన్ని ఒకచోట చేరుస్తున్నాను.

ముందుగా, ఆ కోడ్‌ను రాసుకోకండి. ఫొటో అసలే తీయకండి. అరుపు ఆగేలా ‘క్యాన్సిల్’ నొక్కేయండి. రేపు మెకానిక్ ఫోన్‌లో ‘ఏం కోడ్ వచ్చింది?’ అంటే ‘ఎఫ్, పక్కన ఏదో అంకె’ అంటే సరిపోతుంది. మోడల్ నంబర్ కూడా అడుగుతాడు. తలుపు తెరిస్తే చట్రం అంచున స్టిక్కర్ మీద ఉంటుంది గానీ, అంత వంగడం నడుముకు మంచిది కాదు. ‘నల్లది, అద్దం తలుపు’ అని చెప్పండి.

కోడ్ అర్థం బావగారిని అడగాలి. ఆయన ఓవెన్ వేరే కంపెనీది, ఆయనకు వచ్చింది ఎఫ్ 1, అయినా ఫర్వాలేదు. అదే కోడ్‌కు ఒక కంపెనీలో సెన్సర్ అని, ఇంకో దాంట్లో బోర్డు అని, మరో దాంట్లో మీటల ప్యానెల్ అని అర్థం ఉండొచ్చు. ఆ సంగతి మధ్యలో ఎత్తితే బావగారు నొచ్చుకుంటారు.

ఇక సర్వరోగనివారిణి, బ్రేకర్ దించడం. గరాజ్‌లో ప్యానెల్ తెరిస్తే ఓవెన్‌ది జంట బ్రేకర్, సాధారణంగా 40 లేదా 50 ఆంపియర్లది. పక్కన పెన్సిల్‌తో రాసిన పేరు చెరిగిపోయి ఉంటుంది కాబట్టి వరసగా అన్నీ దించుకుంటూ పోవాలి. పై గదిలో మీటింగ్‌లో ఉన్నవాళ్ళ కేక వినబడితే అది కాదని అర్థం. దించి, ఐదు నిమిషాలాగి ఎక్కిస్తే బోర్డు తన మతిమరుపులో కోడ్‌ను మరిచిపోతుంది. కోడ్ పోయింది కాబట్టి రోగం పోయిందనుకోవాలి. మళ్ళీ వస్తే ఈసారి రాత్రంతా దించి ఉంచాలి. నిజం చెప్పాలంటే ఈ వైద్యం ఒక్కోసారి పనిచేస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు బోర్డు బిగుసుకుపోయి ఉంటే, దించి ఎక్కించగానే తేరుకుంటుంది. ఆ ఒక్క విజయం చాలు, మిగతా జీవితమంతా బ్రేకర్ మీద చేయి వేసి బతకడానికి.

మనలో చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళం కావడం కూడా ఇక్కడ కలిసొచ్చింది. తెగిన తీగను కూడా రీస్టార్ట్‌తోనే బాగుచేయాలని చూస్తాం.

అసలు ఆ తీగ సంగతి. ఓవెన్ లోపల వెనక గోడ పైభాగంలో, పెన్సిల్ కంటే సన్నగా ఒక లోహపు కడ్డీ ముందుకు పొడుచుకొని ఉంటుంది. రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. అదే ఉష్ణోగ్రత సెన్సర్. చాలా ఓవెన్లలో దాని లోపల ఉండేది ప్లాటినం. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని నిరోధం 1000 ఓమ్‌లు. వేడి డిగ్రీ పెరిగితే నాలుగు ఓమ్‌లకు కాస్త తక్కువగా పెరుగుతుంది. మామూలు గదిలో 1080, 1100 మధ్య చూపించాలి, 350 ఫారెన్‌హీట్ దగ్గర 1650 దాటాలి. తీగ తెగితే నిరోధం అనంతం. బోర్డు దాన్ని చూసి ‘కొంప అంటుకుంది’ అనుకొని వేడిని ఆపేసి కోడ్ ఇస్తుంది. ఓవెన్ మాత్రం చల్లగానే ఉంటుంది. ఇరవై డాలర్ల మల్టీమీటర్‌తో తేలిపోయే ఈ విషయాన్ని ఇంట్లో ఇంజనీర్లున్న ఏ కుటుంబమూ కొలవదు. కొలవకండి. కొలిస్తే సమస్య ఏమిటో తెలిసిపోతుంది, బావగారితో మాట్లాడటానికి ఏమీ మిగలదు.

మూకుళ్ళు సర్దేటప్పుడు వాటి చెవులు ఆ కడ్డీకి తగులుతుంటే ఇంకాస్త లోపలికి నెట్టండి.

కొన్ని ఇళ్ళలో కోడ్ వెంటనే రాదు. ఇరవై నిమిషాలు బాగా కాలి, కేకు పైకి లేచే వేళకు వస్తుంది. సెన్సర్ తీగ వెనక కలిసే కనెక్టర్ ఏళ్ళ వేడికి మాడి వదులై ఉంటే ఇలాగే జరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు అతుక్కొని ఉండి, కాలాక విడిపోతుంది. మెకానిక్ వచ్చి చల్లటి ఓవెన్‌ను చూసి ‘అంతా బాగానే ఉంది’ అని వచ్చినందుకు డబ్బులు తీసుకొని వెళ్తాడు. కాబట్టి వేడెక్కాకే వస్తుందన్న రహస్యం అతనికి చెప్పకండి.

ఈ దశలో ఎవరో ఒకరు బోర్డు మార్చమంటారు. సెన్సర్ ధరకు ఎన్నో రెట్లు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించండి. బిగించాక కూడా అదే ఎఫ్ 3 వస్తే కొత్త బోర్డూ చెడిపోయిందని తేల్చండి. మరో జాగ్రత్త: ఇన్నాళ్ళూ అస్తమానం బ్రేకర్ దించిన చేయి, తీరా స్క్రూలు విప్పేటప్పుడు దించడం మరిచిపోతుంది. ప్లగ్గుల్లో వచ్చేది 120 వోల్టులేగా అన్న ధీమా. ఓవెన్‌కు వచ్చేది 240, మన ఊళ్ళో షాక్ కొట్టినదానికి ఏమీ తీసిపోదు. అందులో సగం పోయినా గడియారమూ లైటూ వెలుగుతూనే ఉంటాయి, కాయిల్ మాత్రం కాలదు. అప్పుడు ‘కరెంటు బ్రహ్మాండంగా ఉంది’ అని నమ్మడం మన సంప్రదాయం.

మీటల ప్యానెల్ మీద క్లీనర్ నేరుగా చిమ్మండి. గుడ్డ తడిపి తుడిస్తే ఆ తడి మీటల కిందికి దిగదు, దిగకపోతే ‘మీట ఇరుక్కుంది’ అన్న కొత్త కోడ్ ఎలా వస్తుంది?

అన్నిటికంటే బలమైన మందు సెల్ఫ్ క్లీన్. ‘లోపల మురికి వల్లే కోడ్’ అని చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇందులో ఓవెన్ దాదాపు 900 ఫారెన్‌హీట్‌కు, అంటే 480 సెల్సియస్‌కు దగ్గరగా వెళ్తుంది, తలుపు తనంతట తాను తాళం వేసుకుంటుంది. అసలే నీరసంగా ఉన్న కనెక్టర్‌కు, థర్మల్ ఫ్యూజ్‌కు, తాళం మోటారుకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు. దీన్ని థాంక్స్‌గివింగ్ ముందురోజు రాత్రి మొదలుపెట్టాలి. లాంగ్ వీకెండ్ కాబట్టి సత్యనారాయణ వ్రతం కూడా అప్పుడే పెట్టుకొని ఉంటారు. తెల్లారేసరికి ఎఫ్ 3తోపాటు తలుపు కోడ్ కూడా వచ్చి, తాళం ఊడక, లోపల మరిచిపోయిన అట్లపెనం అద్దంలోంచి కనిపిస్తూ ఉంటుంది. నాలుగు రోజులదాకా మెకానిక్ దొరకడు.

చివరగా ఒక కాగితం గురించి. చాలా ఓవెన్లలో కింది డ్రాయర్ వెనకో, అడుగు పలక వెనకో, ప్యానెల్ లోపలో మడిచిన టెక్ షీట్ ఒకటి ఉంటుంది. మీ మోడల్‌లో ఏ కోడ్ ఏమిటి, ఏ రెండు పిన్నుల మధ్య ఎన్ని ఓమ్‌లు రావాలి, ముందు ఏది చూడాలి, అన్నీ వరసగా ఉంటాయి. పైన ‘సర్వీస్ టెక్నీషియన్లకు మాత్రమే’ అని రాసి ఉంటుంది. మనం రూల్స్ పాటించేవాళ్ళం. మడత విప్పకుండా డ్రాయర్ అడుగున పరిచి, పైన నూనె డబ్బా పెట్టుకోండి.