పులగంలో పలుకేదీ?

పులగం వండడం మరిచిపోయారు. వండుతున్నామనే అనుకుంటున్నారు గానీ, అది పులగం కాదు. బియ్యం, పొట్టు తీసిన పెసరపప్పు, క్యారెట్టు, బీన్సు, అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా అన్నీ కుక్కర్లో పడేసి, మూడు విజిల్స్ రాగానే మూత తీసి గరిటెతో జారవిడుస్తున్నారు. దాన్ని చూపించి ఇది పులగమంటే మా అనంతపురం వైపు పాతకాలపు ఆడవాళ్ళు పళ్ళెం ముట్టేవాళ్ళు కారు.

మా రోజుల్లో పులగానికి కావలసినవి ఎన్నో కావు. బియ్యం, పొట్టున్న పెసరబ్యాళ్ళు, ఉప్పు, చిటికెడు పసుపు, నీళ్ళు. పైన నెయ్యి, పక్కన చెనిక్కాయల ఊరుబిండి, అంటే రోట్లో దంచిన వేరుశనగ పచ్చడి. ఇంత తక్కువ వస్తువులతో వండేటప్పుడు దేని గుణమూ దాగేది కాదు. బియ్యం పాతవా కొత్తవా, పెసలు ఈ ఏటివా నిరుటివా, మొదటి ముద్దకే తెలిసిపోయేది. మసాలా దట్టిస్తే ఇక ఏం తెలుస్తుంది?

బ్యాళ్ళు ఇంట్లోనే చేసుకునేవాళ్ళం. పెసలు కల్లంలో కొట్టి, ఎండబెట్టి, పురుగు పట్టకుండా వేపాకు కలిపి కుండల్లో దాచేవాళ్ళు. కావలసినప్పుడు విసుర్రాయిలో విసిరితే గింజ రెండు బద్దలయ్యేది. పొట్టు కొంత ఊడేది, కొంత అంటుకునే ఉండేది. చేటలో చెరిగితే ఊడిన పొట్టు పశువుల కుడితిలోకి పోయేది, అంటుకున్నది మా కడుపులోకి. పులగం వాసనంతా ఆ పచ్చటి పొట్టులోనే ఉంది. పొట్టు తీసిన పప్పుతో వండేది పొంగలి. పొంగలి తక్కువదని నేననను. ధనుర్మాసంలో గుళ్ళో మిరియాలు, జీలకర్ర, నెయ్యి వేసి పెట్టే కట్టెపొంగలి మెత్తగానే ఉండాలి, దాని తీరు అది. హైదరాబాదులో పొద్దున్నే ఖట్టా, ఖీమాతో తినే ఖిచిడీ ఎర్రపప్పుతో వండుతారు, దాని రుచి దానిది. ఎవరి వంట వాళ్ళు సరిగ్గా వండుకుంటే నాకు పేచీ లేదు. అన్నిటినీ కలగలిపి ఒకటే ముద్ద చేస్తేనే ఒళ్ళు మండుతుంది.

వండే పద్ధతి చెబుతాను, ఎందుకంటే అడిగేవాళ్ళు కూడా కరువయ్యారు. రెండు పాళ్ళు బియ్యానికి ఒక పాలు బ్యాళ్ళు. బ్యాళ్ళను ముందు నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. పొట్టున్న పెసరబద్ద బియ్యం కంటే ఆలస్యంగా ఉడుకుతుంది కాబట్టి ఎసట్లో ముందు అదే పడాలి. వేళ్ళతో చిదిమితే నలిగీ నలగనట్టు ఉన్నప్పుడు కడిగిన బియ్యం, ఉప్పు, పసుపు వేయాలి. గంజి వార్చకూడదు. అత్తెసరుగా నీళ్ళు ఇగిరిపోవాలి. నీళ్ళు బియ్యంతో సమానంగా దిగగానే కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల మీద మూతపెట్టి వదిలేసేవాళ్ళు. అప్పుడే మెతుకు మెతుకుగా, బద్ద బద్దగా విడివిడిగా ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే రెండూ వేరువేరుగా తగులుతాయి. అడుగున పట్టిన మాడు కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం.

కుక్కర్లో ఈ ముందూ వెనకా ఉండదు. ఆవిరి బిగుసుకుని వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. బద్ద ఉడికే లోపల బియ్యం చితికి జావైపోతుంది. గ్యాసు పొయ్యిని నేను తప్పుపట్టను. పొగలో కళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళను చూసినవాణ్ణి, ఆ పొగ మళ్ళీ రావాలని కోరను. గ్యాసు మీదే మందపాటి గిన్నె పెట్టి, మంట తగ్గించి, మూతేసి వండొచ్చు. అరగంట ఓపిక కావాలి, అంతే. ఆ అరగంటే ఎవరి దగ్గరా లేదంటున్నారు.

జ్వరం వస్తేనే పులగమనేది ఇంకొకటి మొదలైంది. మా ఇళ్ళల్లో పులగం వండిన రోజు పండగలా ఉండేది. అప్పట్లో రోజూ తిన్నది రాగి సంగటి, జొన్న సంగటి, కొర్రన్నం. వరి బియ్యం పండక్కీ చుట్టాలకీ. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక గానీ మా పల్లెల్లో మామూలు ఇళ్ళకు వరి అన్నం రోజువారీ కాలేదు. అది రావడం మంచిదే, ఆకలి తెలిసినవాడెవడూ కాదనడు. కానీ బియ్యం దొరకని రోజుల్లో అంత మర్యాదగా వండుకున్న పులగాన్ని, బియ్యం బస్తాలకు బస్తాలున్న ఇప్పుడు రోగి తిండి చేశారు.

ఇది నిన్న మొన్నటి తిండి కాదు. పద్నాలుగో శతాబ్దంలో ఈ దేశానికి వచ్చిన ఇబ్న్ బతూతా, ఇక్కడివాళ్ళు పెసలూ బియ్యమూ కలిపి వండి, నెయ్యి వేసుకుని పొద్దున్నే తింటారని రాసిపెట్టాడు. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పులో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో ఆ కొరత తీరుతుంది. ఈ లెక్కలు తెలియకుండానే మా వాళ్ళు రెండూ కలిపి తిన్నారు. ఇప్పుడేమో పొట్టు తీసిన పప్పు తినే ఇళ్ళల్లోనే పీచు చాల్లేదని మందుల షాపులో పొడి డబ్బాలు కొంటున్నారు, అది చూస్తే బాధేస్తుంది.

ఇక ఊరుబిండి. చెనిక్కాయలు పండే నేల మాది. వానలు అంతంతమాత్రంగా పడే ఎర్రనేలలో మమ్మల్ని బతికించింది ఆ పంటే. గింజలు సన్నమంట మీద వేయించి, పొట్టు ఊది, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, తెల్లగడ్డ వేసి రోట్లో దంచాలి. చివర్న ఎర్రగడ్డ వేసి రెండు పోట్లు వేస్తే చాలు. పంటికింద గింజ పలుకు తగలాలి, ఎర్రగడ్డ కరకరలాడాలి. మిక్సీ వేడికి చెనిక్కాయ నూనె వదిలి మైనంలా అవుతుంది. అందులో నీళ్ళు పోసి, తాలింపు పెట్టి, ఇడ్లీ చట్నీ చేసేస్తున్నారు. పొడిపొడిగా ఉన్న పులగంలో ఆ నీళ్ళ చట్నీ కలిపితే రెండూ చెడతాయి. రోలు లేని ఇళ్ళల్లో చిన్న కల్వం ఉన్నా చాలు, నలుగురికి సరిపడా దంచుకోవచ్చు.

పొట్టు పెసరబ్యాళ్ళు దొరకవని మాత్రం చెప్పకండి. పట్నంలో పెద్ద దుకాణాల్లోనూ కింది అరల్లో ఉంటాయి, ఎవరూ తీయక దుమ్ము పట్టి. కొనేటప్పుడు పొట్టు ముదురు పచ్చగా ఉందో లేదో చూడండి. నిలవైతే రంగు మాసిపోతుంది, ఎంత ఉడికించినా బద్ద మెత్తపడదు. పాతది అంటగడితే కొత్త సరుకు తెమ్మని గట్టిగా అడగండి. వారం వారం నలుగురు అడిగితే దుకాణంవాడే తెప్పిస్తాడు.