అటక మీద ఆయిల్ డబ్బాలు

ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకమని మా ఆవిడ నన్ను అంటూ ఉంటుంది. అది అన్యాయం. ఊరికే వచ్చింది నేను ముట్టను. సగం ధరకు వచ్చింది మాత్రం వదలను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక కొట్టాయన వ్యాపారం ఎత్తేస్తూ ఇంజన్ ఆయిల్ సగం ధరకు ఇచ్చేస్తున్నాడని తెలిసి, అట్టపెట్టెలకు అట్టపెట్టెలే ఆటోలో వేయించుకొచ్చింది ఆ గుణంతోనే. అప్పట్లో నాదొక పాత డీజిల్ కారు. ఆయిల్ ధర ఏటా పెరుగుతోంది. కారు ఉన్నన్నాళ్లూ ఇక కొనే పని లేదని మురిసిపోయాను.

కొనేముందు నేను వెతికింది ఒక్కటే, ఎక్స్‌పైరీ డేటు. డబ్బా చుట్టూ తిప్పి చూసినా కనపడలేదు. తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, అంతే. రాయలేదంటే కాలం చెల్లదనేగా! అసలు సంగతేమిటంటే, ఫలానా తేదీలోపు వాడాలని రాసి తీరాల్సింది మనిషి తినే, తాగే సరుకుల లాంటివాటి మీద. ఇంజన్ తాగేదానికి చట్టం ఆ షరతు పెట్టలేదు. షరతు లేకపోవడాన్ని నేను చిరంజీవత్వం కింద జమకట్టాను.

పైగా నా దగ్గరొక వాదన ఉండేది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వినిపించేవాణ్ణి. "ముడి చమురు కోట్ల ఏళ్లు భూమిలో ఉండి పాడవలేదు, మా అటక మీద నాలుగేళ్లుంటే పాడవుతుందా?" వినడానికి బాగానే ఉంటుంది. డబ్బాలో ఉన్నది ముడి చమురైతే కదా! శుద్ధి చేసిన మూల నూనెలో మసిని కడిగేవి, కడిగిన మసి గడ్డకట్టకుండా చూసేవి, అరుగుదలను ఆపేవి, నురగను అణిచేవి, ఇలా రకరకాల రసాయనాలు కలిపితేనే అది ఇంజన్ ఆయిల్ అవుతుంది. మూల నూనె నిజంగానే మొండి ఘటం. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే విడిపోయి అడుగుకు దిగేది ఈ కలిపిన సరుకే. అందుకే చాలా కంపెనీలు సీలు తీయని డబ్బాకు ఐదేళ్లు అంటాయి. అదీ తయారైన నెల నుంచి. మనం కొన్న రోజు నుంచి కాదు. అదీ చల్లటి, పొడి చోట ఉంచితేనే.

మా అటక ఉన్నది రేకుల షెడ్డులో. బెజవాడ మే నెల గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

సీలు డబ్బాలు ఆ సెగను ఎలాగో ఓర్చుకున్నాయి. అసలు ఘోరం మూత తీసిన డబ్బాది. ప్రతి సర్వీసింగ్‌లో కాస్త మిగిలేది. పారేయడానికి ప్రాణం ఒప్పేది కాదు. కారులో మిగిలింది, స్కూటర్‌లో మిగిలింది, పక్కింటాయన వద్దన్నది, అన్నీ ఒకే డబ్బాలోకి ఒంపేవాణ్ణి. ఏ గ్రేడు, ఏ కంపెనీ అన్న పట్టింపే లేదు. ఆవకాయ జాడీకి వాసెన కట్టే పాటి శ్రద్ధ కూడా దాని మీద పెట్టలేదు. మూత వదులుగా ఉండేది. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే బయటి గాలి చెమ్మతో సహా లోపలికి వస్తుంది. వాయువుల వ్యాకోచం గురించి ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి నేను! ఆరుబయట నిలబెట్టిన ఇనుప డ్రమ్ములకూ ఈ బాధ తప్పదు. పైన నిలిచిన వాన నీటిని, మూత ఎంత బిగించినా, రాత్రికి లోపలికి పీల్చుకుంటాయి. అందుకే తెలిసినవాళ్లు డ్రమ్మును పడుకోబెట్టి, రెండు మూతలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోటికి వచ్చేలా తిప్పుతారు. మూతలు నూనె మట్టానికి కిందే ఉంటాయి కాబట్టి గాలి పీల్చే దారుండదు. ఆటోనగర్‌లో అలా పడుకున్న డ్రమ్ముల పక్క నుంచే నేను రోజూ స్కూలుకు వెళ్లేవాణ్ణి. స్థలం చాలక అలా పెట్టారనుకునేవాణ్ణి.

ఈ మధ్యలో పాత కారు అమ్మేసి, సెకండ్ హ్యాండ్‌లో బీఎస్-6 డీజిల్ కారు తీసుకున్నాను. సర్వీసింగ్ రాగానే అటకెక్కాను. మూత తీసిన డబ్బాలోంచి గాజు గ్లాసులోకి వంపితే మసక మసకగా ఉంది. నూనెలో నీళ్లుంటే కాలిన రేకు మీద చిటపటలాడుతుందని మెకానిక్ చెప్పడం గుర్తొచ్చింది. రేకు కోసం వెతకడమెందుకని పొయ్యి మీద పెనం పెట్టి ఒక చుక్క వేశాను. చిట్లి నా మణికట్టు మీదే పడింది. సీలు తీసిన కొత్త డబ్బాలోంచి ఇంకో చుక్క వేస్తే చప్పుడు లేదు, పొగ మాత్రం వంటింటినిండా కమ్మింది.

"ఏవండీ, అది దోసెల పెనం!"

పెనం పోతే పోయింది, సీలు డబ్బాలు నిక్షేపంగా ఉన్నాయన్న గర్వంతో వాటిని మెకానిక్ ముందు దించాను. అతను తయారైన నెల చూశాడు. గడువుకింకా కొన్ని నెలలుంది. తలకిందులు చేసి వెలుతురులో అడుగు చూశాడు. మడ్డి లేదు. తర్వాత నేనెన్నడూ చదవని చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. సీఎఫ్-4.

"నూనెకేం కాలేదండీ మేష్టారూ. మీరే బండి మార్చేశారు."

సీఎఫ్-4 అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 1990లో తెచ్చిన డీజిల్ ఆయిల్ శ్రేణి. పెట్రోలు బళ్లకైతే ఎస్‌ఏ నుంచి మొదలై 2025లో వచ్చిన ఎస్‌క్యూ దాకా ఉన్నాయి. ఎస్‌ఏ రకం 1930 తర్వాతి ఇంజన్లలో చాలావాటికి పనికిరాదని ఆ సంస్థే చెబుతుంది. ఎస్‌ఏ డబ్బాకు సీలు ఊడకపోయినా చేసేదేం లేదు. నా కొత్త కారు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంది. పట్టిన మసిని అది వేడికి కాల్చేసుకుంటుంది. కానీ సీఎఫ్-4 లాంటి పాత రకం ఆయిల్లో కలిపిన కాల్షియం, జింకు లాంటివి కాలితే మిగిలే బూడిద ఎంత వేడికీ పోదు, పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఆ ఫిల్టర్ మార్చడానికయ్యే ఖర్చు అతను చెప్పాడు. నేను బల్ల మీద కూర్చున్నాను.

సీలు డబ్బాలు మా బావమరిది పాత ట్రాక్టరుకు వెళ్లాయి. దాని పుస్తకంలో ఉన్న గ్రేడు సరిగ్గా అదేనట. "ఇంకా ఉన్నాయా బావా?" అని అడిగాడు కూడా. పైసా ఇవ్వలేదు.

మూత తీసిన డబ్బాలోది మెకానిక్ దగ్గరున్న వేస్ట్ ఆయిల్ డ్రమ్ములో పోయించాను. దాన్ని శుద్ధి చేసేవాళ్లు వచ్చి పట్టుకెళతారు. మీ అటక మీదా అలాంటి డబ్బా ఉంటే అక్కడే పోయించండి. కాలవలో మాత్రం పారబోయకండి, దోసెల పెనం జోలికి అసలే పోకండి.