మూడు శాతం భయం

చదివింది బీకామ్, చేసేది మస్కట్‌లోని అజైబాలో ఒక ట్రేడింగ్ కంపెనీ లెక్కలు. పొద్దున లేస్తే శాతాలే. అలాంటివాణ్ని 2025 ఫిబ్రవరిలో ఒక శాతం లెక్క దగ్గరే బోర్లా పడ్డాను.

2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబర్ 22న భూమిని గుద్దొచ్చన్నారు. పడితే గిడితే ఎక్కడ పడొచ్చో గీసిన గీత పసిఫిక్‌లో మొదలై ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా మన దేశం దాకా వచ్చింది. ఇక్కడున్నా తప్పదు, ఇంటికెళ్లినా తప్పదు! జనవరి చివర్లో 1 శాతం దాటిన అవకాశం ఫిబ్రవరి 18కి 3.1 అయింది. పెరుగుతోందంటే మీదికొస్తోందనే లెక్క వేసుకున్నాను. విశాఖలో బేరం కుదిరిన ఫ్లాటుకి అడ్వాన్సు ఆపేశాను. బ్రోకరు ఎందుకని అడిగితే సిగ్గు లేకుండా చెప్పాను కూడా.

"అప్పటికి మీ ఈఎంఐలే తీరవు కదండీ," అన్నాడు.

అక్కడితో ఆగానా? రాత్రిపూట బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని అజైబా బీచికి పోయాను. పక్కనే ఎయిర్‌పోర్టు. కదిలే ప్రతి వెలుగూ నా కంటికి వైఆర్4గానే కనిపించింది.

అసలు అది 2024 డిసెంబర్ 25నే మన పక్కనుంచి దాటిపోయింది. చిలీలోని అట్లాస్ టెలిస్కోపుకి చిక్కింది 27న. నేను వెతికేనాటికి కోట్ల కిలోమీటర్ల అవతల, పెద్ద అబ్జర్వేటరీలకి తప్ప ఆననంత మసకగా ఉంది.

మేనల్లుడు ఫోన్లో విడమరిచాడు. ఆకాశంలో ఒకే చోటుని కొన్ని నిమిషాల తేడాతో ఫొటోలు తీస్తారట. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి, ఒక చుక్క మాత్రం జరుగుతుంది. ఆ చుక్కలతోనే దారి కట్టాలి. కొన్ని వారాల చుక్కలతో ఎనిమిదేళ్ల తర్వాతి దారి చెప్పమంటే అది మహా వెడల్పుగా వస్తుంది. కొత్త చుక్కలు చేరేకొద్దీ ఇరుకవుతుంది. భూమి ఇంకా అందులోనే ఉంటే దాని వాటా పెరుగుతుంది.

"వందమంది అప్లై చేశారు మామయ్యా. అరవైమందిని తీసేస్తే మీ ఛాన్సు పెరిగినట్టే కదా? ఆ తర్వాత మీ పేరూ కొట్టేస్తారు."

కొట్టేశారు. వారం తిరక్కుండా 0.004 శాతం. ఈలోగా ఆ ఫ్లాటు ఇంకెవరో కొనేసుకున్నారు.

ఇప్పుడు అపోఫిస్ అనే ఇంకో గ్రహశకలం మీద పడ్డాను. 2029 ఏప్రిల్ 13 రాత్రి భూమికి దాదాపు 32 వేల కిలోమీటర్ల దగ్గరికి, మన టీవీ ఉపగ్రహాల కన్నా కిందికి వస్తుంది. కనీసం వందేళ్లదాకా గుద్దదని 2021లోనే రాడార్‌తో తేల్చేశారు. టెలిస్కోపు అక్కర్లేకుండా మామూలు కళ్లకే కనిపిస్తుందట. బాగా దగ్గరికొచ్చేసరికి మస్కట్‌లో అర్ధరాత్రి దాటి పావు తక్కువ రెండు. క్యాలెండర్ చూసుకున్నాను, ఆ రోజు శుక్రవారం. మర్నాడూ సెలవే, లీవు లెటర్ గొడవ లేదు.