స్లైడు మీద సిగ్మా

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో స్లైడు మీద ఈక్వేషన్ పెట్టేది చదవడానిక్కాదు, జడిపించడానికి. సిగ్మా కనిపిస్తే చాలు, వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోతాయి. ఇంటెగ్రల్ గుర్తు కూడా తోడైతే ముందు వరసలో పెద్దలు సైతం కళ్లజోడు సర్దుకుని గంభీరంగా తలాడిస్తారు. అర్థమైందని కాదు, అర్థం కాలేదని పక్కాయనకు తెలియకూడదని.

ఒకసారి ఆ ఈక్వేషన్ దగ్గరికెళ్లి చూడండి. తెల్లటి స్లైడు మీద బూడిదరంగు పలక, అంటే స్క్రీన్‌షాట్. ఓ పక్క పట్టుకుని లాగారేమో, తీటా అడ్డంగా బలిసింది, బ్రాకెట్లు చదునయ్యాయి. ఒక అక్షరం కింద స్పెల్లింగ్ తప్పంటూ వర్డ్ గీసిన ఎర్రగీత. దాని పక్కనే కదలకుండా నిలబడిపోయిన మౌస్ బాణం. అన్నిటికంటే సొగసైనది కుడిచివరన (4.17). ఈ ప్రెజెంటేషన్లో నాలుగో అధ్యాయమూ లేదు, 4.16వ సమీకరణమూ లేదు. గేదెను తోలుకొచ్చినవాడు చెవి బిళ్ల తీయడం మరిచిపోయినట్టుంది వ్యవహారం.

టైపు చేసే వీల్లేకనా? పవర్‌పాయింట్‌లో 2010 వెర్షన్ నుంచీ ఆ సదుపాయం ఉంది. ఆల్ట్, ఈక్వల్ మీటలు కలిపి నొక్కితే పెట్టె తెరుచుకుంటుంది. అంతకుముందు ఈక్వేషన్ ఎడిటర్ 3.0 అని ఒక పెద్దాయన ఉండేవాడు. 2017లో ఆయన కోడులో హ్యాకర్లు దూరేంత కన్నం బయటపడింది. 2018 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆయన్ని ఏకంగా పీకి పారేసింది. దాంతో ఆయన హయాంలో రాసిన పాత ఈక్వేషన్లు ఆఫీస్‌లో చూసుకోవడానికే తప్ప నేరుగా దిద్దుకోవడానికి వీల్లేకుండా పోయాయి. మన అధ్యాపక మిత్రుల్లో చాలామందికి ఈ కబురు ఇంకా చేరినట్టు లేదు. దిద్దబోతే కదా తెలిసేది!

డొనాల్డ్ కనూత్ అనే అమెరికా ప్రొఫెసర్ 1977లో తన పుస్తకం ప్రూఫులు చూసుకున్నాడు. అచ్చులో గణితం వికారంగా ఉందని పుస్తకాన్నే పక్కనపెట్టి, టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ తయారుచేయడానికి కూర్చున్నాడు. ఏళ్లు పట్టింది. వెర్రిబాగులవాడు! ప్రింట్‌స్క్రీన్ మీట సంగతి చెప్పేవాళ్లు లేకపోయారు.

ఆయన వారసులమని చెప్పుకుంటూ, టెక్ మీద నడిచే బీమర్‌తో స్లైడ్లు చేసే పక్షంవాళ్లది మరో రకం. గుర్తులన్నీ పొందిగ్గా ఉంటాయి, కాదనను. కానీ స్లైడుకు పద్నాలుగు వరసల డెరివేషన్! నల్లబల్ల మీదైతే మాస్టారి చెయ్యి నొప్పెట్టేది కాబట్టి, ఒక్కో వరస రాసేలోగా మన బుర్రకు కాస్త ఊపిరాడేది. ఇక్కడ మీట నొక్కగానే పద్నాలుగూ ఒక్కసారే మీద పడతాయి. "ఇది మీకందరికీ తెలిసిందే" అంటూ తర్వాతి స్లైడుకు పోతారు. తెలిసిందే అయితే చూపించడం దేనికో!

ఇక ఇప్పటి మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు. అక్యురసీ ఫార్ములా లేనిదే వాటికి మోక్షం లేదు. సరిగ్గా చెప్పిన జవాబులను మొత్తం జవాబులతో భాగించడం, అంతే. చిన్న క్లాసుల భిన్నం. దాన్నే పైన టీపీ, టీఎన్, కింద టీపీ, టీఎన్, ఎఫ్‌పీ, ఎఫ్‌ఎన్ అని పరిస్తే ఎంతటివాడికైనా జంకే. ఆ అక్షరాల్లో అంకెలు వేసి చూసినవాడు మాత్రం కనిపించడు. వేస్తే ఏమవుతుంది? వెయ్యిమందిలో పదిమందికే జబ్బుందనుకోండి. "ఎవరికీ ఏమీ లేదు, ఇంటికెళ్లండి" అని అందరికీ ఒకే మాట చెప్పే ప్రోగ్రాముకు టీపీ, అంటే జబ్బుందని సరిగ్గా పట్టినవాళ్లు, సున్నా; టీఎన్, అంటే జబ్బు లేదని సరిగ్గా చెప్పినవాళ్లు, 990; అక్యురసీ 99 శాతం. పదిమంది రోగుల్లో ఒక్కణ్నీ పట్టలేదు, అయినా డిస్టింక్షన్! ప్రాజెక్టు గుట్టు రట్టు చేయగల సాక్షి స్లైడు మీదే నిలబడి ఉన్నా అడిగే నాథుడు లేడు.

పొరపాటున వైవాలో ఎవరైనా "ఇందులో నీ అంకెలు వెయ్యి బాబూ" అన్నారే అనుకోండి, కుర్రాడి దగ్గర జవాబు సిద్ధం: "బేస్ పేపర్‌లో అలాగే ఉంది సార్." బేస్ పేపర్, అంటే ప్రాజెక్టుకు ఆధారంగా పెట్టుకున్న పరిశోధన వ్యాసం, పేరెత్తాక ఎదురు ప్రశ్న ఉండదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కాసేపు తెరవైపు తేరిపార చూసి, టీ కప్పు కింద పెట్టి, తన పరిశీలన వెలువరిస్తారు: "అంతా బాగుంది గానీ, స్లైడు నంబర్లు పెట్టలేదేం?"