మా రోజుల్లో తినే సైకిలెక్కేవాళ్ళం

పొద్దున్నే సింగపూర్‌లో పుంగ్గోల్ వాటర్‌వే వెంట సైకిళ్ళ మీద పోయే మన తెలుగు పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. ముచ్చట వాళ్ళ పట్టుదల చూసి, మంట వాళ్ళ తిండి చూసి. టైర్లో గాలి ఎంత ఉండాలో చెబుతారు, గొలుసుకి ఏ నూనె వెయ్యాలో చెబుతారు, సీటు ఎంత ఎత్తులో ఉంటే మోకాలు నొప్పెట్టదో చెబుతారు. అంత శ్రద్ధ ఉన్నవాళ్ళు తమ ఒంటి సంగతి మాత్రం గాలికొదిలేస్తారు. ఖాళీ కడుపుతో బయల్దేరతారు. దారిలో రెండు గుక్కల నీళ్ళతో సరిపెడతారు. ఇంటికొచ్చాక ఎప్పుడో మధ్యాహ్నం ఆవురావురుమంటూ కనబడిందల్లా తింటారు.

మా రోజుల్లో ఇలా లేదు. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో మేం పెరిగిన కాలంలో సైకిల్ బతుకుతెరువు. పాలాయన రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని ఊళ్ళు తిరిగేవాడు. మంగళగిరి చీరల మూట క్యారియర్‌కి కట్టుకుని వచ్చే ఆయన పొద్దుగూకేదాకా తొక్కుతూనే ఉండేవాడు. కాలేజీకి పోయే మాబోటివాళ్ళం కాలవ గట్ల మీద ఎదురుగాలికి తొక్కేవాళ్ళం. వీళ్ళెవరూ తినకుండా గడప దాటేవాళ్ళు కాదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచితే తెల్లారేసరికి కాస్త పులిసేది. అందులో ఇంత ఉప్పు, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉంటే మాగాయ టెంక. రాయలసీమ వాళ్ళైతే రాగిసంగటి, తెలంగాణ వాళ్ళైతే జొన్న అంబలి. సంచిలో వేరుశనగ ఉండ, బెల్లంముక్క, గుప్పెడు అటుకులు ఉండేవి. "తినే పోరా, వచ్చి తింటానంటే ఆ తిండి వంటబట్టదు" అని మా అమ్మ గుమ్మంలో నిలబడి చెప్పేది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా అంతకన్నా మంచి సలహా నాకు కనబడలేదు.

పుస్తకాలు కూడా అదే చెబుతున్నాయి. తిన్న అన్నంలో కొంత గ్లైకోజన్ రూపంలో ఒంట్లో దాచి ఉంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు. గట్టిగా తొక్కితే అది గంటన్నర, రెండు గంటల్లో అడుగంటుతుంది. అప్పుడే కాళ్ళు లాగేస్తాయి, కళ్ళు తిరుగుతాయి, చిరాకు పుట్టుకొస్తుంది. 1966లో స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని తమ ఒంటి మీదే పరీక్షించుకున్నారు. ఒకే సైకిల్ యంత్రానికి చెరోపక్కన కూర్చుని, చెరో కాలితో అలిసిపోయేదాకా తొక్కారు. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా తిని, సూదితో తొడ కండరం ముక్కలు తీసి చూస్తే, తొక్కిన కాల్లో గ్లైకోజన్ తొక్కని కాలికి రెట్టింపు చేరింది. కష్టపడ్డ కండ తిండిని తన దగ్గరికి లాక్కుంటుందన్నమాట. ఆ సమయానికి దానికి కావలసింది అందించకుండా మాడ్చడం దానికి చేసే అన్యాయం.

పుంగ్గోల్ నుంచి సెంగ్‌కాంగ్, బువాంగ్‌కొక్ మీదుగా చుట్టి వచ్చే నార్త్ ఈస్టర్న్ రివరైన్ లూప్ 26 కిలోమీటర్లు. అందరూ నడిచే దారి కాబట్టి గంటకి 25 కిలోమీటర్లు మించకూడదు. ఆగుతూ సాగుతూ పోతే గంటన్నర పైనే. అక్కడితో ఆగుతారా? లోరోంగ్ హాలుస్ ఎర్ర వంతెన దాటి, పాసిర్ రిస్ మీదుగా చాంగీ దాకా పోయి వస్తారు. అంటే సరిగ్గా ఒంట్లో నిల్వ అయిపోయే వేళకి ఇంటికి దూరంగా ఉంటారు. పైగా ఈ ఊరి ఎండ. మధ్యాహ్నానికి 31, 32 డిగ్రీలే అయినా గాలంతా తేమ, చెమట ఆరదు. ఒళ్ళు చల్లబడక ఇంకా చెమట పోస్తుంది, దాంతో ఉప్పూ పోతుంది.

మొన్న పుంగ్గోల్ పాయింట్ జెట్టీ దగ్గర సేదదీరుతున్న ఒక కుర్రాణ్ణి అడిగాను, పొద్దున ఏం తిన్నావు నాయనా అని. "ఏం తినలేదు బాబాయిగారూ, ఖాళీ కడుపుతో తొక్కితే కొవ్వు బాగా కరుగుతుందంట కదా" అన్నాడు. తొక్కుతున్నంతసేపూ కొవ్వు కాస్త ఎక్కువ ఖర్చయ్యే మాట నిజమే. కానీ మొత్తం మీద తినే తిండి ఒకటే అయినప్పుడు, తిని వ్యాయామం చేసినవాళ్ళకన్నా తినకుండా చేసినవాళ్ళు ఎక్కువ తగ్గలేదని పోల్చి చూసినవాళ్ళు తేల్చారు. పైగా ఆకలి రుచెరుగదని మన పెద్దలు ఊరికే అనలేదు. రుచే తెలియని ఆకలికి కొలత ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? గట్టిగా తొక్కి దిగగానే కాసేపు ఆకలి అణిగి ఉంటుంది. అది చూసి ఇవాళ బాగా నోరు కట్టుకున్నాననుకుంటారు. రెండు మూడు గంటలాగి ఆ ఆకలి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అప్పుడు బిర్యానీ పొట్లం, దాని మీద తీపి టీ, దాని మీద ఐస్‌క్రీం.

దానికి తోడు చేతి గడియారం. అది 1200 కేలరీలు ఖర్చయ్యాయని చెబితే 1200 కేలరీలు తినే హక్కు వచ్చిందనుకుంటారు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అలాంటి చేతిపట్టీలు ఏడు రకాలు పరీక్షించారు. ఖర్చయిన శక్తిని ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. అన్నిట్లోకీ మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. మాకు గడియారం చెప్పలేదు, పొట్టే చెప్పేది. తిండి వేళకి తినేవాళ్ళం కాబట్టి దాని మాట వినబడేది.

తాగేవాటి సంగతి మరీ ఘోరం. సింగపూర్ ప్రభుత్వం 2022 డిసెంబరు నుంచి డబ్బాల్లో సీసాల్లో అమ్మే పానీయాల మీద, 2023 డిసెంబరు నుంచి దుకాణంలో అప్పటికప్పుడు కలిపిచ్చేవాటి మీద కూడా న్యూట్రిగ్రేడ్ గుర్తులు పెట్టింది. డీ గుర్తు ఉందంటే 100 మిల్లీలీటర్లకి 10 గ్రాములు మించి పంచదార ఉండొచ్చని అర్థం. అలాంటిది అర లీటరు తాగితే 50 గ్రాములు లోపలికి పోయినట్టే. అంత పెద్ద అక్షరం రాసిపెట్టినా చూడకుండా తాగేవాళ్ళనేం చెయ్యాలి?

1965లో అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డాక్టర్ రాబర్ట్ కేడ్ బృందం ఆటగాళ్ళ కోసం నీళ్ళు, ఉప్పు, పంచదార కలిపి గేటరేడ్ తయారుచేసింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళతో కలరా రోగుల ప్రాణాలు నిలబెట్టాడు. రెండిటి కిటుకూ ఒకటే. చక్కెర, ఉప్పు కలిసి ఉంటే పేగు నీటిని త్వరగా పీల్చుకుంటుంది. ఉప్పేసిన చద్దన్నం నీళ్ళలో పిండిపదార్థం, ఉప్పు, నీరు మూడూ ఉన్నాయి. డబ్బులు పోసి కొనే రంగునీళ్ళని నెత్తిన పెట్టుకుని, అమ్మ గిన్నెలో పెట్టిన దాన్ని పాతచింతకాయ పచ్చడిగా చూడటమే నాకు కష్టంగా ఉంటుంది.

ఇప్పటి కాలంలో మంచి లేదని నేననను. మాకు గతుకుల రోడ్డు, లారీల దుమ్ము. వీళ్ళకి 2011లో తెరిచిన వాటర్‌వే, 2015లో తెరిచిన కోనీ ఐలండ్ పార్కు, 1999 దాకా చెత్త పోసిన లోరోంగ్ హాలుస్‌లో ఇప్పుడు పక్షులు తిరిగే చెరువు. ఇంత చక్కటి దారి దొరికినవాళ్ళు దాన్ని నీరసంతో తొక్కడమెందుకు?

చెయ్యవలసింది కష్టమేమీ కాదు. గంటలోపు వచ్చేసేవాళ్ళకి నీళ్ళు చాలు. అంతకుమించి పోయేవాళ్ళు బయల్దేరే ముందు రెండిడ్లీలో, పెరుగన్నమో, అరటిపండో తినాలి. దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. రెండు అరటిపళ్ళు తింటే సుమారు 50 గ్రాములు వస్తుంది. బెల్లం, వేరుశనగ ఉండ జేబులో బరువేమీ కావు. దిగాక ఆకలి కోసం ఎదురుచూడకుండా గంటలోపే తినాలి. అన్నం పప్పు, పెసరట్టు, రెండు గుడ్లూ గ్లాసు పాలూ, ఏదైనా సరే. 20 గ్రాముల మాంసకృత్తులు, దానికి తగ్గ అన్నమో రొట్టో ఉంటే చాలు. తూకంలో కిలో తగ్గితే అది కొవ్వనుకోకండి, నీరు. దానికి లీటరున్నర నీళ్ళో పలచటి ఉప్పు మజ్జిగో మెల్లగా తాగాలి. షుగరుకి మందులో ఇన్సులినో వాడేవాళ్ళు దూరాలు తొక్కేముందు వైద్యుణ్ణి అడిగి తీరాలి.

సైకిల్‌కి వేలు పోసే పిల్లలకి నేను చెప్పేదొక్కటే. శనివారం రాత్రి టైర్లో గాలి చూసుకున్నట్టే గిన్నెలో అన్నం కూడా చూసుకోండి. మజ్జిగ పోసి మూత పెట్టి పడుకోండి. ఆదివారం పొద్దున తిని, ఆ తర్వాతే సైకిలెక్కండి.