జైలంత పదిలమైన చోటు

కరోనా రోజుల్లో మనమంతా తెలివితక్కువగా ఇళ్లలో దాక్కున్నాం గానీ, అసలు పదిలమైన చోటు జైలట. చక్రాల కుర్చీలో తిరిగే ప్రొఫెసర్ సాయిబాబా, క్యాన్సర్‌తో హైదరాబాద్‌లో మంచాన పడ్డ తల్లిని చూసొస్తానని 2020లో నాగపూర్ జైలు నుంచి పెరోల్ అడిగితే, వాళ్లుండేది కంటైన్‌మెంట్ జోన్ కనక కుదరదన్నారు. ఎంత దయ! ఆగస్టు 1న ఆ తల్లి పోయింది. 2021 ఫిబ్రవరిలో, అంత భద్రంగా దాచిన మనిషికి ఆ జైల్లోనే కరోనా వచ్చింది. వైరస్‌కు గేటుపాసు ఎవరిచ్చారో మరి.

2019 చివరికి మన జైళ్లలో వంద మంది పట్టేచోట 118 మంది ఉన్నారు. ఆరడుగుల దూరమంటే అక్కడ ముగ్గురి పడక. సుప్రీంకోర్టు ఇది గమనించకపోలేదు. 2020 మార్చి 23న రాష్ట్రానికో ఉన్నతస్థాయి కమిటీ వేయించి, ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసులవాళ్లను తాత్కాలికంగా వదిలే సంగతి చూడమంది. వేలమంది బయటపడ్డారు కూడా. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసు మీద పడ్డవాడి ఊపిరికి మాత్రం పూచీ దొరకలేదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో జార్ఖండ్ హైకోర్టు ఓ మాజీ ఎంపీకి, మరికొందరికి బెయిలిస్తూ తలా 35,000 రూపాయలు పీఎం కేర్స్‌కు కట్టమంది, ఆరోగ్య సేతు యాప్ వేసుకోమంది. లోపల మిగిలినవాడికి ఫోనెక్కడిది? పక్కన దగ్గేదెవరో చెవులతోనే కనిపెట్టుకోవాలి.

ఉపా కేసులో లోపలున్న కవి వరవరరావు బెయిలు అడిగితే, కరోనానూ ముసలితనాన్నీ అడ్డం పెట్టుకుని లబ్ధి పొందజూస్తున్నాడని జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ వాదించింది. ఈ ముసలివాళ్లు ఎంత మాయగాళ్లండీ! ఏడాదికొకటి చొప్పున ఓపిగ్గా కూడబెట్టి, 79 కాగానే కోర్టుకు పట్టుకొచ్చేస్తారు. 2020 జూలైలో ఆయనకు పాజిటివ్ వచ్చింది, వాదనకు బలం కోసం కాబోలు.

ఇక అదే కేసులో జైలుకెళ్లిన పాదిరి స్టాన్ స్వామి. పార్కిన్సన్స్‌తో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, స్ట్రా, సిప్పర్ ఇప్పించమని 2020 నవంబర్‌లో కోర్టును అడిగాడు. జవాబివ్వడానికి ఎన్‌ఐఏకు 20 రోజుల గడువు. స్ట్రా అంటే మాటలా? దానికి రెండు చివరలుంటాయి, రెండువైపులా దర్యాప్తు జరగాలి. 20 రోజులు గడిచాక, అవి మా దగ్గర లేవన్నారు.

2021 జూలై 5న బొంబాయి హైకోర్టులో ఆయన బెయిలు పిటిషన్ విచారణకు వచ్చింది. 84 ఏళ్ల ఆ మనిషి ఆసుపత్రిలో పోయాడని అప్పుడే కోర్టుకు చెప్పారు. ఆరోజు గడువు ఎవరూ అడగలేదు.